ఇంటికి ఒక్క కంచు శిల్పం

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు మామిడితోటలున్న కుటుంబాల ఇళ్లలో హాల్లోకి అడుగు పెట్టగానే కళ్లకు తగిలేది షోకేసు. సన్మాన సభల్లో ఇచ్చిన జ్ఞాపికలు, కొండపల్లి దశావతారాలు, పిల్లలు స్కూల్లో గెలుచుకున్న కప్పులు, అమెరికాలో ఉన్న కొడుకో కూతురో తెచ్చిన లిబర్టీ బొమ్మ అందులో ఇరుకిరుకుగా సర్దుకుని ఉంటాయి. ఈమధ్య వాటి సరసన మరికొన్ని చేరాయి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న 'థింకర్', ధ్యానంలో ఉన్న బుద్ధుడి తల, ఒంటికాలి మీద నటరాజు, ముదురు గోధుమరంగులో దూకుతున్న గుర్రం. ఇవి ఏ శిల్పాలకు నకళ్లో, ఆ అసలు శిల్పాలు ఎక్కడున్నాయో, వీటిని దేనితో చేశారో అడిగితే ఇంట్లోవాళ్లకు తెలియదు. అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాళ్లు అడగలేదు.

కాపు బాగుండి, రేటు పలికిన ఏడాది ఇంటికి కొత్త రంగులు పడతాయి, కొత్త సోఫా వస్తుంది, అలంకరణకూ కాస్త డబ్బు మిగులుతుంది. ఆ డబ్బుతో పది బొమ్మలు కొనడం తేలిక. ఒక్క మంచి నకలు కొని, దాని కథంతా తెలుసుకుని, దానికి తగిన చోటు చూపించి ఏళ్ల తరబడి చూసుకోవడానికి ఓపిక కావాలి. ఈ అధ్యాయం కోరేది ఆ రెండో పనిని. ఇల్లు అందంగా కనిపించడం అందులో ఒక లాభం. అంతకన్నా పెద్ద లాభం, ఒక వస్తువును నిదానంగా ఎంచుకోవడం, శ్రద్ధగా చూడటం, దాని గురించి పిల్లలకు చెప్పగలగడం ఆ ఇంటికి అలవాటవుతాయి.

నకలంటే చిన్నచూపు అక్కర్లేదు

నకలు ఇంట్లో పెట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్లు ప్రపంచ శిల్పకళ చరిత్రను ఒకసారి తిరగేయాలి. పళ్లెం లాంటి చక్రాన్ని విసరబోతున్న గ్రీకు క్రీడాకారుడి శిల్పం 'డిస్కోబోలస్' బొమ్మ చూడనివారు అరుదు. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో మైరాన్ అనే శిల్పి దాన్ని కంచుతో పోత పోశాడు. ఆ కంచు శిల్పం ఇప్పుడు లేదు. రోమన్లు తమ ఇళ్లకోసం, తోటలకోసం పాలరాతిలో చేయించుకున్న నకళ్ల వల్లే అది ఎలా ఉండేదో లోకానికి తెలిసింది. పాత గ్రీకు కంచు విగ్రహాల్లో చాలావాటిని లోహం కోసం కరిగించేశారు. నకలు చేయించుకున్నవాళ్ల అభిరుచే వాటి ఆకారాన్ని కాపాడింది.

ఇంటి అలంకరణకోసం కంచు నకళ్లను పెద్దఎత్తున తయారుచేయడం పందొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో ఊపందుకుంది. ఆషిల్ కోలాస్ అనే ఇంజనీరు పెద్ద శిల్పాన్ని కొలతలు చెడకుండా చిన్నదిగా చెక్కే యంత్రం కనిపెట్టాడు. 1838లో ఫెర్డినాండ్ బార్బెడియెన్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. లూవ్ర్ మ్యూజియంలో రెండు మీటర్ల ఎత్తున నిలబడిన పాలరాతి 'వీనస్ డి మిలో' ఆ యంత్రం పుణ్యమా అని మధ్యతరగతి ఇంటి గట్టు మీద ఇమిడే కంచు బొమ్మ అయింది. రాజులకూ ప్రభువులకూ మాత్రమే అందే శిల్పాలు ఉద్యోగుల, వ్యాపారుల ఇళ్లలోకి వచ్చాయి.

మ్యూజియాల్లో ఉన్నవన్నీ శిల్పి చేతి మీదుగా వచ్చినవే అనుకోవడం కూడా పొరపాటు. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా చేసిన 'పద్నాలుగేళ్ల చిన్నారి నర్తకి'ని 1881లో పారిస్‌లో ప్రదర్శించినప్పుడు అది మైనపు బొమ్మ. ఆయన 1917లో చనిపోయాక కుటుంబసభ్యుల అనుమతితో దాన్ని కంచులో పోత పోశారు. ఇవాళ వేర్వేరు దేశాల మ్యూజియాల్లో జనం చూస్తున్నవి చాలావరకు ఆ పోతలే.

తెలుగు నేల మీదా ఇందుకు ఉదాహరణ ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం మొదట్లో ఒక కుటుంబం ఇల్లు, ఆ ఇంటి అలంకరణ. ఆ కుటుంబం నివాసమైన దివాన్ దేవిడీలో పోగుపడిన వస్తువులతోనే 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. అక్కడ అందరూ ఆగి చూసే 'మేలిముసుగు రెబెకా'ను ఆ కుటుంబానికి చెందిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ఇటలీ శిల్పి బెంజోని ఆ బొమ్మను ఒక్కసారి చెక్కి ఊరుకోలేదు, అదే రూపాన్ని ఇతరులకోసం మళ్లీ చెక్కాడు. హైదరాబాద్‌లో ఉన్నది వాటిలో ఒకటి. అంతమాత్రాన దాని ముందు నిలబడినవారి ఆశ్చర్యం తగ్గలేదు.

నకలుకు ఉండాల్సిన గుణం ఒక్కటే, నిజాయితీ. తాను నకలునని అది ఒప్పుకోవాలి. ఫ్రాన్స్‌లో 1981 నుంచి ఒక నిబంధన ఉంది: ఇలాంటి ప్రతుల మీద 'రిప్రొడక్షన్' అన్న మాట చెరగకుండా ఉండి తీరాలి. మన దగ్గర కొనేవాళ్లే ఆ పని చేసుకోవాలి. బిల్లు మీద 'ఫలానా శిల్పానికి నకలు, ఫలానా లోహం, ఇన్ని కిలోలు' అని రాయించుకోవాలి.

ఏ శిల్పం?

మొదట మన కాళ్ల కింద నేలను చూసుకోవాలి. కృష్ణా తీరం కంచు పోతకు కొత్త కాదు. బాపట్ల ప్రాంతంలోని బుద్ధాంలో పందొమ్మిదో శతాబ్దంలో కంచు బుద్ధ విగ్రహాల నిధి ఒకటి బయటపడింది. ఆరు నుంచి ఎనిమిదో శతాబ్దం మధ్య పోసినవవి. 'బుద్ధపాడ్ నిధి' పేరుతో ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నిలువెల్లా వస్త్రం జారుతూ, ఒక చెయ్యి అభయంగా ఎత్తిన ఆ బుద్ధుడు అమరావతి శిల్పుల వారసత్వం. ఆ శైలి సముద్రం కూడా దాటింది. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో సికెన్‌డెంగ్ దగ్గర 1921లో దొరికిన కంచు బుద్ధుడిలో పండితులు అమరావతి పోలికలు గుర్తించారు. మామిడితోటల ఊళ్లో ఇంటి హాల్లో పెట్టుకోవడానికి ఇంతకన్నా సొంత శిల్పం దొరకదు. ఎక్కడో తయారైన, ఏ దేశానికీ చెందని ముఖంతో ఉండే బుద్ధుడి తల కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చిన్న ఇంటికి, చిన్న బల్లకు మొహెంజోదారో 'నర్తకి' చక్కగా సరిపోతుంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్న అసలు బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లే. 1926లో తవ్వకాల్లో దొరికింది. వయసు దాదాపు నాలుగున్నర వేల ఏళ్లు. నడుం మీద చెయ్యి, భుజం దాకా గాజులు, తల ఎగరేసిన ధీమా. పెద్ద శిల్పాలను ఇంటికోసం కుదించాల్సి వస్తుంది, కుదిస్తే ఎంతో కొంత పోతుంది. ఈ బొమ్మను మాత్రం అసలు కొలతలోనే ఇంట్లో పెట్టుకోవచ్చు.

నటరాజు విషయానికి వస్తే, చెన్నై ప్రభుత్వ మ్యూజియం కంచు గ్యాలరీలో ఉన్న తిరువాలంగాడు నటరాజును ఒకసారైనా నిలబడి చూసి ఆ తర్వాతే నకలు కొనడం మంచిది. చోళుల కాలపు ఆ పోతల ఫొటోలు చూసే ఫ్రెంచ్ శిల్పి రోడా పరవశించిపోయి వ్యాసం రాశాడు. అది ఆయన పోయాక 1921లో అచ్చయింది. మన భారత ప్రభుత్వం 2004లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రానికి బహూకరించింది కూడా రెండు మీటర్ల నటరాజునే. 2023లో జీ20 సమావేశాల సందర్భంగా ఢిల్లీ భారత్ మండపం ముందు నిలిపిన 27 అడుగుల, 18 టన్నుల నటరాజును తమిళనాడులోని స్వామిమలై స్థపతులు పోశారు. మంచి నటరాజును పోల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఎత్తిన కాలు, చాచిన చేతులు, చెదిరిన జడలు, ఇంత కదలిక ఉన్నా ముఖం మాత్రం నిశ్చలంగా ఉండాలి. నాసిరకం పోతల్లో మొదట చెడేది ఆ ముఖమే.

తిరుమల మహాద్వారం దాటి లోపలికి వెళ్లినవారికి కుడిపక్క మండపంలో చేతులు జోడించి నిలబడిన శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి కనిపిస్తారు. అవి రాగి విగ్రహాలు. పొడవాటి కుళ్లాయితో ఊరూరా కనిపించే రాయల బొమ్మలకు మూలం అదే. ఎదుటివాడికి తన గొప్ప చూపించుకోకుండా నమస్కారం చేస్తూ నిలబడిన రాజు హాల్లో ఉంటే, వచ్చినవాళ్లకు ఆ ఇంటి మర్యాద తెలుస్తుంది.

ఇక రోడా 'థింకర్' మీదే మనసు పడితే అదీ మంచిదే. 1880లో 'నరకద్వారం' అనే పెద్ద తలుపు కోసం దాదాపు 70 సెంటీమీటర్ల ఎత్తున మొదలైన బొమ్మ అది. 1904లో నిలువెత్తు శిల్పంగా పెరిగింది. కొనేటప్పుడు ఒకటి చూడాలి. అసలు శిల్పంలో కుడి మోచెయ్యి ఎడమ తొడ మీద ఆనుతుంది. ఆ మెలికలోనే ఒంట్లోని బిగువంతా ఉంది. చౌక నకళ్లలో మోచేతిని అదే పక్క మోకాలి మీద పెట్టేస్తారు. అప్పుడు ఆలోచిస్తున్న మనిషి పోయి, కునుకు తీస్తున్న మనిషి మిగులుతాడు.

ఎంపికకు మూడు ప్రశ్నలు చాలు. అసలు శిల్పాన్ని నేరుగా కానీ, కనీసం నాలుగు పక్కల నుంచి తీసిన మంచి ఫొటోల్లో కానీ ఇంట్లోవాళ్లు చూశారా? దాని గురించి అయిదు నిమిషాలు మాట్లాడగలరా? పదేళ్ల తర్వాత కూడా ఎదురుగా ఉండాలని అనుకుంటున్నారా? మూడింటికీ అవునని జవాబు వస్తేనే కొనాలి. ఒక్కదానికి కాదని వచ్చినా మరో కాపు దాకా ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

కంచా, కంచు రంగా?

రాగిలో తగరం కలిపితే కంచు. శిల్పాలకు సాధారణంగా తొంభై పాళ్ల రాగికి పది పాళ్ల తగరం దగ్గరగా కలుపుతారు. గంటలకూ కంచాలకూ తగరం ఇంకా ఎక్కువ. రాగిలో జింకు కలిపితే ఇత్తడి. బజారులో కంచు బొమ్మలని అమ్మేవాటిలో చాలామటుకు ఇత్తడివే, మీద ముదురు రంగు వేసినవి. ఇత్తడి తక్కువదేమీ కాదు, కానీ దాన్ని ఇత్తడిగానే కొనాలి. మూడో రకం 'బ్రాంజ్ ఫినిష్', 'కోల్డ్ కాస్ట్' అన్న పేర్లతో వస్తుంది. అది రెసిన్ అనే ప్లాస్టిక్ జాతి పదార్థం. అందులో లోహపు పొడి కలపవచ్చు, పైన రంగు మాత్రమే ఉండవచ్చు.

నూజివీడులో వీణ కొనేవాళ్లు ముందు అడిగే మాట, ఏకాండి వీణేనా, అతుకులదా అని. ఒకే పనస దుంగలోంచి తొలిచిన వీణకూ ముక్కలు అతికించిన వీణకూ ధరలోనూ నాదంలోనూ తేడా వాళ్లకు తెలుసు. కంచు బొమ్మ దగ్గర కూడా అదే ధైర్యంతో అడగాలి: ఒకే పోతా, ముక్కలు అతికారా? లోపల గుల్లా, ఘనమా? ఏ లోహం? బరువెంత?

పరీక్షించడం కష్టం కాదు. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే చాలు, ఇనుము మీద రంగు వేసిన బొమ్మ పట్టుబడుతుంది. కంచుకూ ఇత్తడికీ రెసిన్‌కూ అయస్కాంతం అంటుకోదు కాబట్టి అక్కడితో ఆగకూడదు. అరచెయ్యి ఆనిస్తే లోహం చల్లగా తగులుతుంది, రెసిన్ అలా తగలదు. వేలితో తడితే లోహం మోగుతుంది, రెసిన్ టక్కుమంటుంది. అడుగుభాగంలో కనిపించని చోట సన్నగా గీయడానికి దుకాణదారు ఒప్పుకుంటే అసలు రంగు బయటపడుతుంది. ఎర్రటి ఛాయ ఉన్న పసుపయితే కంచు, నిమ్మపండు పసుపయితే ఇత్తడి, బూడిదరంగయితే జింకో ఇనుమో, పొడి రాలితే రెసిన్. ఘనపోత బొమ్మకు బరువు కూడా సాక్ష్యం చెబుతుంది. లీటరు నీళ్లు కిలో తూగితే, అంతే జాగాను నింపిన కంచు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది కిలోలు తూగుతుంది.

ధర ఎందుకు అంత ఉంటుందో తెలియాలంటే తయారీ తెలియాలి. స్వామిమలైలో స్థపతులు తేనెమైనం, గుగ్గిలం, వేరుశనగ నూనె కలిపి ముందు మైనపు బొమ్మ చేస్తారు. కొలతలకు కొబ్బరాకు మడతలు వాడతారు. దాని మీద కావేరి ఒండ్రుమట్టి పొరలు పూసి ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే, అంటే ఒక అచ్చుకు ఒకే బొమ్మ. ఆ తర్వాత ఉలితో కనుబొమలు, వేళ్లు, నగలు తీర్చే పని రోజుల తరబడి సాగుతుంది. రబ్బరు అచ్చుతో వందల కొద్దీ తీసే బొమ్మకూ దీనికీ ధరలో తేడా అక్కడి నుంచి వస్తుంది.

తెలుగు ప్రాంతంలోనూ లోహశిల్పం చేసే చేతులున్నాయి. ఆదిలాబాద్ జిల్లాలో వోజ్ కళాకారులు మైనం పద్ధతిలోనే డోక్రా బొమ్మలు పోస్తారు. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పాత్రలకు, జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరుపొందాయి, వాటికీ గుర్తింపు వచ్చింది. తెనాలి శిల్పులు కంచు విగ్రహాలు పోసి దూరప్రాంతాలకు పంపుతున్నారు. ప్రభుత్వ లేపాక్షి దుకాణాల్లో బొమ్మ చూసి, చేసినవారి ఊరు అడిగి తెలుసుకుని, వీలైతే అక్కడికే వెళ్లి చెప్పి చేయించుకోవడం ఉత్తమం. అప్పుడు ధరలో ఎక్కువ భాగం చేసిన చేతికే చేరుతుంది.

'పాతది' అంటే వెనక్కి తిరగాలి

ఏదో ఒక సందర్భంలో ఒకాయన వచ్చి, ఇది నకలు కాదు, తవ్వకాల్లో దొరికింది, మీకు కాబట్టి ఇస్తున్నానంటాడు. అది అబద్ధమైతే డబ్బు పోతుంది. నిజమైతే అంతకన్నా ప్రమాదం. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పం పురావస్తువు. దాని వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, కలిగి ఉన్నవారు రిజిస్టర్ చేయించాలి, దేశం దాటించడం నేరం. గుళ్లలో పోయిన విగ్రహాలు ఇలాగే చేతులు మారుతుంటాయి.

తోటలో గుంత తవ్వుతుంటే, బోరు వేస్తుంటే పాత విగ్రహం బయటపడితే కూడా దాన్ని కడిగి షోకేసులో పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. 1878 నుంచి అమల్లో ఉన్న నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్న ఏ నిధి దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్న జిల్లాలో ఇది ఊహకు సంబంధించిన మాట కాదు.

మరో మాట. మన కాపీరైటు చట్టం ప్రకారం శిల్పి చనిపోయాక అరవై ఏళ్ల వరకు అతని శిల్పానికి రక్షణ ఉంటుంది. చోళ నటరాజుకూ రోడాకూ ఆ అడ్డు లేదు. ఈ కాలపు శిల్పి చేసినదాన్ని నకలు తీయించాలంటే మాత్రం ఆయన అనుమతి అడగాలి. చాలాసార్లు ఆయన దగ్గరే చిన్న ప్రతి దొరుకుతుంది.

ఎక్కడ పెట్టాలి?

షోకేసులో అద్దం వెనక, పాతిక వస్తువుల మధ్య పెడితే మంచి శిల్పం కూడా కనిపించదు. శిల్పానికి ప్రాణం నీడ. తెల్లటి ట్యూబులైటు ఎదురుగా పడితే మెలికలన్నీ చదునైపోతాయి. కిటికీలోంచి ఒక పక్కగా వెలుతురు పడేచోట, ఖాళీ గోడ ముందు, కూర్చున్నవారి కంటి ఎత్తుకు దగ్గరగా పెట్టాలి. చుట్టూ కనీసం బొమ్మ వెడల్పంత జాగా వదలాలి. పెంకుటింటి వరండాలో పక్కవాటు వెలుతురు బాగుంటుంది కానీ వానజల్లు పడని లోపలి గోడ చూసుకోవాలి. బొమ్మ చుట్టూ తిరిగి చూసే వీలుంటే మరీ మంచిది, శిల్పి వీపునూ చెక్కాడు కదా.

బరువు మరిచిపోకూడదు. ఘనపోత బొమ్మను అద్దపు అర మీద పెట్టకూడదు. కర్ర స్టాండో, గోడలోకి దిగిన నాపరాయి గట్టో కావాలి. పసిపిల్లలున్న ఇంట్లో అంచు దగ్గర అసలే పెట్టకూడదు.

దేవతా రూపాల విషయంలో ఇంటి పెద్దల మాటకు విలువ ఇవ్వాలి. పూజలో ఉంచే విగ్రహం జానెడుకు మించకూడదన్నది మన ఇళ్లలో ఉన్న ఆచారం. అలంకరణకు తెచ్చింది పూజా మందిరంలోకి పోనక్కర్లేదు. అలాగని చెప్పుల స్టాండు మీదా, బాత్రూము గోడ పక్కనా పెట్టడం ఎవరికీ మర్యాద కాదు. బుద్ధుడి తలను మాత్రమే అలంకరణకు వాడటం థాయిలాండ్, శ్రీలంక బౌద్ధులకు మనసు నొప్పించే పని. అమరావతి పక్కన బతికేవాళ్లు పూర్తి బుద్ధుణ్ణే ఎంచుకోవడం న్యాయం.

మామిడి ఇంట్లో కంచును కాపాడుకోవడం

నూజివీడు ఇంట్లో కంచుకు పొంచి ఉన్న ముప్పులు పట్నపు ఫ్లాట్‌లో ఉండవు. అవి తోట నుంచే వస్తాయి.

పూత మీద బూడిద తెగులు కనిపిస్తే రైతు గంధకం పిచికారీ చేస్తాడు. ఆ సంచి, ఆ స్ప్రేయరు, పొడి అంటిన బట్టలు ఇంట్లోకి వస్తే రాగి ఉన్న ప్రతి వస్తువూ నల్లబడుతుంది. గంధకం రాగితో కలిసి నల్లటి పొరగా మారుతుంది. యూరియా బస్తాలు హాలు పక్క గదిలో నిలవ చేసే అలవాటు ఇంకా ప్రమాదం. చెమ్మ తగిలిన యూరియా నుంచి, పశువుల కొట్టం నుంచి అమ్మోనియా వస్తుంది. అది ఇత్తడిని పగలగొట్టగలదు. ఈ సంగతి మొదట తెలిసింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో ఇత్తడి తూటా గొట్టాలను గుర్రపుశాలల్లో దాస్తే వాటికవే చిట్లిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా వల్లే అలా జరుగుతోందని 1921 నాటి పరిశోధనలో తేలింది. బజారు బొమ్మల్లో ఎక్కువ ఇత్తడివే కాబట్టి ఈ పాఠం మనకు నేరుగా వర్తిస్తుంది. ఎరువులు, మందులు ఇంటి బయట వేరే గదిలో ఉండాలి. ఇది బొమ్మకన్నా మనుషులకు ఎక్కువ మేలు.

బోర్డో మిశ్రమం కలిపిన ప్రతి రైతుకూ మైలుతుత్తం నీలిరంగు తెలుసు. కంచు మీద పట్టే చిలుము కూడా రాగి లవణమే. బొమ్మ అంతటా సమంగా, గట్టిగా అంటుకుని ఉన్న గోధుమ, ఆకుపచ్చ ఛాయ మంచిదే. శిల్పి కావాలని తెప్పించిన రంగు అయి ఉంటుంది, లోహానికి కాపు కూడా అదే. లేత ఆకుపచ్చ పొడి మచ్చలుగా లేచి, తుడిచినా మళ్లీ వస్తుంటే మాత్రం అది జబ్బు. ఉప్పులోని క్లోరైడు, చెమ్మ కలిసి తెచ్చే జబ్బు. అలాంటి బొమ్మను పొడిగా ఉన్న చోటికి మార్చి, మ్యూజియం సంరక్షణ నిపుణుల సలహా తీసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది శుభ్రం చేయాలన్న ఉత్సాహం. పండగ ముందు ఇత్తడి బిందెలు తోమే చింతపండు, నిమ్మచెక్క, పచ్చిమామిడి తొక్క, పీతాంబరి పొడి శిల్పం దగ్గరికి రాకూడదు. ఆ పులుపు ఏళ్లపాటు ఏర్పడిన రంగును ఒక్క పూటలో కడిగేస్తుంది, ముఖంలో సన్నటి గీతలు అరిగిపోతాయి. నిత్యం అభిషేకం చేసే పూజా విగ్రహం సంగతి వేరు, దాని పద్ధతి దానిది. అలంకరణ శిల్పానికి వారానికోసారి మెత్తటి పాత నూలుబట్ట, మడతల్లో దుమ్ముకు కొత్త పెయింటు కుంచె చాలు. మరీ మురికి పడితే తక్కువ సబ్బు కలిపిన నీళ్లతో బట్ట తడిపి తుడిచి, వెంటనే పొడిబట్టతో ఆరబెట్టాలి. వానలు మొదలయ్యేముందు ఒకసారి తేనెమైనం కలిసిన పాలిష్ పలచగా రాసి మెరుపు వచ్చేదాకా రుద్దితే చెమ్మ లోపలికి దిగదు. నూనె రాయకూడదు, దుమ్ము అంటుకుని జిడ్డు కడుతుంది. పాలిథిన్ సంచిలో చుట్టి అటక మీద పెడితే లోపల చెమ్మ పట్టి పాడవుతుంది. కొత్త ప్లైవుడ్ అల్మరాలో వాసన పోయేదాకా పెట్టకపోవడం మంచిది, ఆ జిగురు ఆవిర్లు కూడా లోహానికి పడవు.

ఈ ఏడాది చేయదగిన పని

కొనాలనుకున్నవాళ్లు ఈ క్రమంలో వెళ్లవచ్చు. మొదట డబ్బు ఖర్చు లేని పని. పిల్లలను తీసుకుని విజయవాడ బాపు మ్యూజియానికి ఒక ఆదివారం వెళ్లాలి. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించిన ఆ పాత భవనంలో అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడి ముందు కాసేపు ఆగాలి. మన కృష్ణాతీరపు శిల్పి వస్త్రపు మడత ఎలా చెక్కేవాడో అక్కడ కంటికి అలవాటవుతుంది. హైదరాబాద్, చెన్నై వెళ్లే పనిపడ్డప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియానికి, ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియానికి ఒక పూట కేటాయించాలి. తర్వాత ఇంట్లో అందరూ కలిసి ఒక శిల్పాన్ని ఎంచుకోవాలి. షోకేసులో మనసుకు పట్టని వస్తువులను తీసేసి, దానికి గోడ, వెలుతురు ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ తర్వాతే తోట డబ్బులోంచి కొంత పక్కన పెట్టి, లోహం, బరువు, చేసినవారి పేరు బిల్లు మీద రాయించుకుని కొనాలి. కంచు నటరాజుకు డబ్బు చాలకపోతే నిజమైన ఇత్తడితో చేసిన చిన్న నర్తకి మంచి మొదలు. కంచు అని చెప్పి అంటగట్టే పెద్ద రెసిన్ బొమ్మకన్నా అది ఎన్నో రెట్లు మేలు.

ఇంటికి తెచ్చిన రోజున చిన్న చీటీ మీద అయిదు సంగతులు రాసి బొమ్మ పీఠం అడుగున అంటించండి: అసలు శిల్పం పేరు, అది ఉన్న చోటు, దాని కాలం, ఈ నకలు చేసిన ఊరు, కొన్న సంవత్సరం. ఆ చీటీని ఇంట్లో పిల్లల చేత, వాళ్ల దస్తూరీలో రాయించండి.